పోపుల పెట్టెతో మొదలుపెట్టండి

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. వయసు 34. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. రోజూ కంటపడేవాటిని బొమ్మలుగా వేసుకోవాలని, ఫోనుతో ఫొటోలు తీసి దాచుకోవాలని ఆశ. మూడేళ్లుగా ప్రతి జనవరిలోనూ మంచి స్కెచ్‌బుక్ కొంటున్నాను, పన్నెండో పేజీ దాటడం లేదు. ఫోనులో ఆరు వేల ఫొటోలున్నాయి, కావలసినప్పుడు ఒక్కటీ దొరకదు. బయట కూర్చుని గీస్తే జనం మీదపడి చూస్తారు, చెయ్యి వణుకుతుంది. ఫొటో తీసుకొచ్చి ఇంట్లో చూసి వేసుకుంటే తప్పా? జేబులో పట్టే కెమెరా కొనమంటారా? ఇంకొక్కటి. మా మామ్మకి 83 ఏళ్లు. ఆవిడ రోజు ఎలా గడుస్తుందో పట్టుకోవాలనుంది. ఫొటో అనగానే మొహం తిప్పేసుకుంటుంది.

జవాబు: పన్నెండో పేజీ దగ్గర ఆగిపోతున్నారంటే తప్పు మీ బద్ధకానిది కాదు, ఆ పుస్తకానిది. గట్టి అట్ట, వంద పేజీలు, దానికి తగ్గ ఖరీదు. అలాంటి దాంట్లో ఒక్క వంకర గీత పడితే ప్రాణం ఉసూరుమంటుంది. రెండు బొమ్మలు చెడ్డాక మూడోది తీరిగ్గా వేద్దాం లెమ్మని వాయిదా పడుతుంది. పైగా అంత పుస్తకం భోజనం బ్యాగులో పట్టదు కనక ఇంట్లో బీరువా మీద ఉండిపోతుంది. మీకు బొమ్మ కనబడేదేమో ఆటో స్టాండు దగ్గర. అందుకని ఈసారి పుస్తకం కొనకండి, కుట్టుకోండి. అదీ 16 పేజీలదే.

130 నుంచి 150 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాముల బరువు) ఉన్న కాట్రిడ్జ్ కాగితం, అంటే బొమ్మలేసే దళసరి కాగితం, ఏ4 సైజులో రెండు షీట్లు చాలు. అట్టకి పాత క్యాలెండర్లోని దళసరి కాగితం ఒకటి, సూది, 40 సెంటీమీటర్ల గట్టి దారం. ఒక్కో షీటునీ అడ్డంగా సగానికి కత్తిరిస్తే నాలుగు ముక్కలవుతాయి. నాలుగూ ఒకదానిమీద ఒకటి పేర్చి మధ్యకి మడిస్తే ఎనిమిది ఆకులు, 16 పేజీలు. సైజు 105 × 148 మిల్లీమీటర్లు, అంటే అరచేతిలో ఇమిడేంత. మడతపెట్టే ముందు ఒక పరీక్ష చెయ్యండి. కాగితాన్ని మడవకుండా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి వంచి చూడండి. ఒకవైపు తేలిగ్గా వంగుతుంది, రెండోవైపు ఎదురుతిరుగుతుంది. తేలిగ్గా వంగిన వైపే మడత రావాలి. ఎదురువైపు మడిస్తే మడత దగ్గర కాగితం చిట్లుతుంది, పుస్తకం నోరు తెరుచుకునే ఉంటుంది.

మడత గీత మీద నడిమధ్య ఒక చిల్లు, దానికి పైన 5 సెంటీమీటర్ల దూరంలో ఒకటి, కింద అంతే దూరంలో ఇంకొకటి. సూదిని లోపలినుంచి నడిమి చిల్లులోకి దూర్చి బయటికి తియ్యండి, ఒక వేలెడు దారం లోపల వదిలి. బయటినుంచి పై చిల్లులోకి, లోపలికి. అక్కణ్ణుంచి లోపలే కిందికి వచ్చి కింది చిల్లులోంచి బయటికి. మళ్లీ నడిమి చిల్లులోంచి లోపలికి. ఇప్పుడు దారం కొసలు రెండూ లోపలే ఉంటాయి. పైనుంచి కిందికి పోతున్న పొడుగు కుట్టుకి ఒక కొస కుడివైపు, ఒకటి ఎడమవైపు వచ్చేలా చూసి, దాని మీదుగా ముడి వెయ్యండి. రెండూ ఒకేవైపు ఉండగా ముడేస్తే కుట్టు వదులైపోయి మధ్య ఆకులు జారతాయి. మొదటిసారి అరగంట పడుతుంది, మూడోసారికి పది నిమిషాలు. రోజుకొక పేజీ చొప్పున పక్షం రోజుల్లో పుస్తకం అయిపోతుంది. పూర్తయిన పుస్తకం చేతిలో ఉండటం ఎలా ఉంటుందో మీకు మూడేళ్లుగా తెలీదు కదా, ముందు అది తెలియాలి.

పెన్ను విషయంలో చాలామంది ఖరీదైన చోట మొదలుపెట్టి భయపడతారు. నీలమో నలుపో మామూలు బాల్ పెన్ను మంచిది. తేలిగ్గా పట్టుకుంటే పెన్సిలంత పల్చటి గీత, ఒత్తితే ముదురు గీత. మీద నీళ్లు పడ్డా సిరా పారదు. అప్పుడప్పుడు ముక్కు దగ్గర సిరా ముద్ద కడుతుంది, పక్కన చిత్తు కాగితం మీద తుడుచుకుంటే సరి. జెల్ పెన్ను వద్దు. గీత ముచ్చటగా ఉంటుంది గానీ చాలా రకాలు తడి తగలగానే ఊరిపోతాయి. ఇంకు పెన్నుల్లో పోసే మామూలు సిరా కూడా అంతే. ఏ పెన్నయినా సరే, ఒక గీత గీసి నిమిషం ఆగి తడివేలితో రుద్ది చూడండి. నెల తర్వాత కూడా ఇష్టం నిలిస్తే 0.3 సైజు పిగ్మెంట్ లైనర్, అంటే తడికి చెదరని సిరా ఉండే సన్న ముక్కు పెన్ను, ఒకటి కొనుక్కోండి. దాన్ని ఒత్తి రాస్తే ముక్కు లోపలికి నలిగిపోతుంది, కాబట్టి దాంతో లెక్కలు రాయకండి. రబ్బరు ఇంట్లోనే వదిలెయ్యండి. గీత తప్పితే పక్కన సరైనది గీసి రెండూ ఉంచండి. రెండు గీతల మధ్య కన్ను తనంతట తానే సరైనదాన్ని ఏరుకుంటుంది.

రంగులు రెండో పుస్తకం నుంచి. స్కూలు పిల్లల వాటర్ కలర్ బిళ్లల పెట్టె చాలు, అందులోనూ నాలుగే వాడండి: పసుపు, ఎరుపు, ముదురు నీలం, ఇటుక రంగు. ముదురు నీలంలో ఇటుక రంగు కలిపితే నీడలకి పనికొచ్చే బూడిద రంగు వస్తుంది, నల్ల బిళ్ల ముట్టుకోనక్కర్లేదు. 150 జీఎస్ఎం కాగితం ఎక్కువ నీళ్లు తట్టుకోదు, అప్పడంలా లేస్తుంది. కుంచె గుడ్డకి అద్ది, తడిగా మాత్రమే ఉండగా రంగు పెట్టండి. వానాకాలంలో మీ గోదారి గాలికి పేజీ అరగంటకి గానీ ఆరదు. మధ్యలో చిత్తు కాగితం పెట్టకుండా మూసేస్తే ఎదురు పేజీకి అంటుకుంటుంది. కొందరు టీ డికాషన్‌తో నీడలు వేస్తారు, రంగు నిజంగానే బాగుంటుంది. పంచదార వెయ్యకముందు తీసుకోండి, లేకపోతే పుస్తకానికి చీమలు పడతాయి.

ఇక మొదటి బొమ్మ. గోదావరి మీద సూర్యాస్తమయం వద్దు, వంటింట్లో పోపుల పెట్టె వెయ్యండి.

దాంట్లో గిన్నెలు సాధారణంగా ఏడు ఉంటాయి, నడుమ ఒకటి, చుట్టూ ఆరు. అది ఎవరో ముచ్చటపడి పెట్టిన లెక్క కాదు. ఒకే సైజు గుండ్రాలైతే ఒకదాని చుట్టూ సరిగ్గా ఆరే ఒరుసుకుని పడతాయి. నమ్మకం లేకపోతే ఏడు రూపాయి బిళ్లలు బల్లమీద పెట్టి చూడండి. బొమ్మ వేసేవాళ్లకి ఇది పెద్ద వరం. నడిమి గిన్నె సరిగ్గా పడితే మిగతా ఆరూ వాటి చోటు అవే చెబుతాయి.

మూత తీసి పెట్టెని బల్లమీద పెట్టి ఎదురుగా కూర్చోండి. గడియారం చూసుకోండి, మొత్తం ఏడు నిమిషాలు. మొదటి నిమిషం పేజీ మూల తేదీ, టైము, చోటు రాసి, బొమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో నాలుగు చిన్న చుక్కలు పెట్టండి. ఈ చుక్కలు పెట్టనివాళ్లకే సగం పెట్టె పేజీ అవతలికి పోతుంది. తర్వాత పెద్ద అంచు. పైనుంచి చూస్తే గుండ్రం, కూర్చుని చూస్తే కోలగా కనబడుతుంది. ఎంత కోలగా? పెన్ను పట్టుకుని చెయ్యి మోచేయి వంగకుండా చాచి, ఒక కన్ను మూసి, పెట్టె వెడల్పుని పెన్ను మీద బొటనవేలితో కొలవండి. అదే పెన్నుని నిలువుగా తిప్పి ఎత్తు కొలవండి. ఎత్తు వెడల్పులో సగమో, మూడోవంతో తేలుతుంది. మన బుర్రకి అది గుండ్రమని తెలుసు కాబట్టి చెయ్యి ఎప్పుడూ ఎత్తు ఎక్కువ వేస్తుంది. కొలత లేకుండా వేసినవాళ్ల పెట్టె బల్లమీంచి ముందుకి జారిపోతున్నట్టు ఉండటానికి కారణం ఇదే.

కోలగీత వేసేటప్పుడు రెండు కొసలూ నిమ్మకాయ ముచ్చికల్లా సూదిగా వస్తాయి. అందరికీ వస్తాయి. మణికట్టుతో గీస్తే అంతే. మోచేయి కదుపుతూ గాలిలో రెండుసార్లు తిప్పి, ఆ ఊపు ఆగకుండా పెన్ను కాగితానికి ఆన్చండి. గీత రెండు చుట్లు పడినా ఫర్వాలేదు. తర్వాత నడిమి గిన్నె, దాని చుట్టూ ఆరు. మీకు దగ్గరగా ఉన్న గిన్నెలు కాస్త గుండ్రంగా, దూరంగా ఉన్నవి కాస్త చదునుగా కనబడతాయి. అన్నీ ఒకేలా వేస్తే పెట్టెకి లోతు రాదు. ఆవాలకి పది పదిహేను చుక్కలు, జీలకర్రకి కొన్ని చిన్న గాట్లు, ఎండుమిరపకాయకి ఒక వంపు. గింజ గింజా వేస్తూ కూర్చుంటే మీకు ఆఫీసు బస్సు తప్పుతుంది.

చివరి రెండు నిమిషాలు రాతకి. ఏ గిన్నెలో ఏముందో బాణం గుర్తులు పెట్టి రాయండి. ఒక ఇంట్లో నడిమి గిన్నె ఆవాలది, ఇంకో ఇంట్లో పసుపుది. మెంతులు మినప్పప్పు పక్కన ఉన్నాయా, శనగపప్పు పక్కనా, ఆ వరస ఎవరు పెట్టారు, చెంచా ఎక్కడిది. బొమ్మ వంకరగా వచ్చినా ఈ వరస చెడదు.

మొదటి వారమంతా ఇల్లే. క్యారేజీ, గడప దగ్గర చెప్పులు, కొక్కేనికి వేలాడే స్కూటరు తాళాలు. ఇవి కదలవు, మిమ్మల్ని చూసి నవ్వవు. రెండో వారం మనుషుల దగ్గరికి వెళ్లండి. అయితే కదలని మనుషుల కోసం వెతక్కండి, చేసిన పనే మళ్లీ మళ్లీ చేసేవాళ్లని ఎంచుకోండి. ఇస్త్రీ బండి, టీ కొట్టు, పూలు కట్టే చోటు, పంక్చర్ షాపు. టీ మాస్టరు చెయ్యి పైకి ఎత్తి పోస్తాడు, కిందికి దించుతాడు. పేజీలో రెండు బొమ్మలు పక్కపక్కనే మొదలుపెట్టండి, ఒకటి చెయ్యి పైనున్నది, ఒకటి కిందనున్నది. చెయ్యి పైకి వెళ్లినప్పుడు మొదటి బొమ్మలో ఒక గీత, కిందికి వచ్చినప్పుడు రెండో బొమ్మలో ఒక గీత. పది టీలు అయ్యేసరికి రెండు బొమ్మలూ నిలబడతాయి.

మనుషుల బొమ్మల్లో రెండు తప్పులు తరచూ వస్తాయి. తల పెద్దదైపోవడం, కాళ్లకి పేజీ చాలకపోవడం. రెండూ నిజానికి ఒకటే తప్పు. మొహం నుంచి మొదలుపెడతాం, దాని మీద ప్రేమతో పెద్దగా వేస్తాం. నిలబడిన మనిషి ఎత్తులో తల దాదాపు ఏడో వంతు. ముందు పైన ఒక గీటు, కింద పాదాల దగ్గర ఒక గీటు పెట్టి, నడుమ ఏడు భాగాలు చెయ్యండి. మొహం చిట్టచివర. అసలు ఈ సైజు బొమ్మలో కళ్లూ ముక్కూ అక్కర్లేదు, భుజాల వాలు చూసే మనిషిని గుర్తుపడతారు. గుంపు వేసేటప్పుడు ఇంకో కిటుకు: మీరు నిలబడి ఉంటే, అదే నేలమీద నిలబడ్డ పెద్దవాళ్ల తలలు దగ్గరున్నా దూరమున్నా మీ కళ్ల ఎత్తులోనే దాదాపు ఒకే వరసలో ఉంటాయి. దూరమయ్యేకొద్దీ పాదాలు పైకి జరుగుతాయి, అంతే. దూరంగా ఉన్నాడు కదా అని తలని కిందికి దించితే మనిషి గోతిలో నిలబడ్డట్టు ఉంటుంది.

వంతెన వెయ్యకుండా మీ ఊళ్లో ఎవరూ ఉండలేరు కాబట్టి దాని సంగతీ చెప్పుకుందాం. ఆర్చి వంతెనకి 28 ఆర్చీలు. ఇరవై ఎనిమిదీ లెక్కపెట్టి వెయ్యబోతే పదో ఆర్చి దగ్గర చోటు అయిపోతుంది. ముందు అవతలి ఒడ్డుని పేజీకి అడ్డంగా సమంగా ఒక గీతగా పెట్టండి. దగ్గరి ఆర్చి ఒకటి పూర్తిగా, తర్వాతి రెండు చిన్నవవుతూ, మిగతావి ఒడ్డు గీతవైపు తగ్గుతూ పోయే అలల్లా. 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెనకైతే నీళ్లలోని స్తంభాలే బొమ్మ, పైభాగం ఒక్క చారతో సరిపోతుంది.

ఒక ఆదివారం మీ ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్లండి. ఆయన 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయారు. పెద్ద బొమ్మల ముందు అందరూ నిలబడతారు. మీరు పెన్సిల్ స్కెచ్‌ల ముందు ఎక్కువసేపు ఉండండి. గీత ఎక్కడ ఒత్తి పట్టారో, ఎక్కడ వదిలేశారో చూడండి.

జనం చూడటం గురించి. చెయ్యి వణకడంలో సగం భయం, సగం ఆనుకోడానికి ఏమీ లేకపోవడం. బ్యాగు ఒళ్లో పెట్టి దానిమీద పుస్తకం పెట్టండి, చిటికెన వేలు కాగితానికి ఆన్చి గీయండి. వణుకు చాలావరకు పోతుంది. వీపు గోడకో స్తంభానికో ఆనేలా కూర్చుంటే వెనకనుంచి తొంగిచూసేవాళ్లుండరు. అయినా ఎవరో ఒకరు వస్తారు. వచ్చినవాళ్లని అడగండి: "ఈ కొట్టు ఎప్పటినుంచి ఉందండీ?" చూడ్డానికి వచ్చినాయన చెప్పేవాడవుతాడు, మీ పేజీకి రెండు వాక్యాలు దొరుకుతాయి. కిందటి నెలలోనే కూలగొట్టిన పాత మేడ గురించి కూడా ఆయనే చెబుతాడు.

ఇక ఫొటోలు. ఏది గీయాలి, ఏది ఫొటో తియ్యాలి అన్న చోటే చాలామంది తికమకపడతారు. ఏడు నిమిషాల్లోపు మాయమయ్యేది, అక్షరాలున్నది ఫొటోకి. కూర్చుని ఉండేది, మళ్లీ మళ్లీ జరిగేది బొమ్మకి. ఊరేగింపు, వాన, పిల్లల ఆట, హోటల్ రేట్ల బోర్డు, గోడమీది ప్రకటన, చేత్తో రాసిన కిరాణా చీటీ, ఇవన్నీ ఫోనుతోనే. చీటీలో పదార్థం పేరూ ధరా రెండూ ఉంటాయి, పదేళ్ల తర్వాత దానంత రుచిగల కాగితం ఇంట్లో ఇంకొకటి ఉండదు.

ఫొటో తెచ్చుకుని ఇంట్లో వేసుకోవడం తప్పేమీ కాదు, కానీ కొన్ని చిక్కులున్నాయి. ఫోను లెన్సు వెడల్పాటిది. దగ్గరగా తీస్తే ముందున్న చెయ్యి గుమ్మడికాయంత, వెనకున్న మొహం నిమ్మకాయంత అవుతుంది, అంచుల్లో మనుషులు సాగుతారు. మీరు ఆ సాగుడునే నమ్మకంగా కాపీ చేస్తారు. రెండో చిక్కు, ఫొటోలో అన్నీ సమానంగా కనబడతాయి కనక ఏదీ వదలబుద్ధి కాదు, బొమ్మ రెండు గంటలు పడుతుంది, మర్నాడు పుస్తకం తెరవరు. అందుకని అక్కడ మూడు నిమిషాలైనా గీసి, ఆ తర్వాత ఫొటో తియ్యండి. ఇంటికొచ్చాక రంగులకీ, బోర్డు మీది అక్షరాలకీ మాత్రం ఫొటో చూడండి. పూర్తిగా ఫొటో నుంచే వెయ్యాల్సి వస్తే తెరమీద దాన్ని తపాలా బిళ్లంత చిన్నది చేసి, అదే ఏడు నిమిషాల్లో ముగించండి.

ఫోనులో చెయ్యాల్సినవి కొన్నే. ముందు లెన్సు తుడవండి. జేబులో నూనె చేతులతో తిరిగే ఫోనుకి దీపాల చుట్టూ పొగమంచు రావడానికి కెమెరా పాతబడటం కారణం కాదు. సెట్టింగ్స్‌లో గ్రిడ్ గీతలు పెట్టుకోండి, గోడలు వాలిపోకుండా ఉంటాయి. వేళ్లతో జూమ్ చెయ్యకండి, నాలుగడుగులు ముందుకి వెయ్యండి. కిటికీకి వీపు పెట్టి ఉన్న మనిషి నల్లటి నీడలా వస్తే తెరమీద మొహం దగ్గర వేలు నొక్కి పట్టండి. వెలుగు, ఫోకస్ అక్కడ బిగుసుకుంటాయి. తర్వాత వేలు పైకి కిందికి జరిపి వెలుగు సర్దుకోవచ్చు. రాత్రిపూట దుకాణాల్లో ఫొటోకి అడ్డంగా నల్లచారలు వస్తున్నాయా? మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, ట్యూబులైటు, చవక ఎల్ఈడీ బల్బు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కెమెరా అంతకంటే వేగంగా తీస్తే చార పడుతుంది. సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్ ఉంటే షట్టర్ వేగాన్ని సెకనులో 100వ వంతుకో 50వ వంతుకో పెట్టండి.

పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం ఆపెయ్యండి. మొహాన్ని ఉంచి వెనకాలంతా మసక చేస్తుంది. పాత ఆల్బమ్ తీసినప్పుడు మనం ఏం చూస్తామో గుర్తుచేసుకోండి. గోడమీది క్యాలెండరు, మూల రేడియో, దండెం మీద చీర. ఆ మసకలో పోయేది సరిగ్గా అదే. అందుకే ఫొటో కోసమని మంచంమీది బట్టలు సర్దకండి కూడా. ఒక్కో సంగతికీ మూడు ఫొటోలు చాలు: చోటంతా కనిపించేలా ఒకటి, మనిషి పనిలో ఉండగా ఒకటి, చేతులూ పనిముట్టూ మాత్రం ఒకటి. ముప్పై తీసి తర్వాత ఏరుకుందాం అనుకోబట్టే ఆరు వేలయ్యాయి.

కెమెరా ఇప్పుడు వద్దు. ఆరు చిన్న పుస్తకాలు నిండాక కూడా మనసు పీకుతుంటే అప్పుడు చూడండి. చవకగా దొరికే పాత చిన్న కెమెరాలు మీ ఫోను కంటే మెరుగ్గా తియ్యవు, పైగా కొన్నిటికి బ్యాటరీ, కార్డు దొరకడమే కష్టం. సెకండ్ హ్యాండ్ కొనేట్టయితే లెన్సులోకి టార్చి వేసి చూడండి. సాలెగూటి పోగుల్లా కనిపిస్తే అది బూజు, వదిలెయ్యండి. మీ తేమకి మంచి కెమెరాకైనా అది పడుతుంది, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. డబ్బులు పెట్టగలిగితే రికో జీఆర్ 3 లాంటి పెద్ద సెన్సరు (వెలుగుని పట్టే పలక) ఉన్న చిన్న కెమెరా నిజంగా జేబులో పడుతుంది. దాని లాభం బొమ్మ నాణ్యత ఒక్కటే కాదు. ఫోకస్‌ని ముందే 2 మీటర్ల దగ్గర కట్టేసి, లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 8 దగ్గర పెట్టుకుంటే దాదాపు ఒక మీటరు నుంచి వీధి చివరిదాకా స్పష్టంగా వస్తుంది, నొక్కగానే తీస్తుంది. దానికి జూమ్ లేదు, బ్యాటరీ ఒక్క రోజు రావడమే గొప్ప.

దొరక్కపోవడం అనే జబ్బుకి మందు కెమెరాలో లేదు, ఆదివారం ఇరవై నిమిషాల్లో ఉంది. పాత ఆరు వేలనీ ముట్టుకోకండి, అక్కడ మొదలుపెడితే మునిగిపోతారు. ఈ వారం తీసినవాటిలోంచి ఏడు ఏరండి, మిగతావి తీసెయ్యండి. ఏడింటికీ పేరు పెట్టండి: ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు, చివర ఒక మాట. 2025-07-14-ఇస్త్రీబండి, ఇలాగ. తేదీని తిరగేసి ముందు రోజు పెడితే కంప్యూటరు అన్ని నెలల 14వ తేదీల్నీ ఒకచోట కుప్పపోస్తుంది. ఏడాదికి 364 ఫొటోలు, ఒక్కోటి 4 ఎంబీ చొప్పున లెక్కేస్తే ఒకటిన్నర జీబీ కూడా నిండదు. అకౌంట్స్ మనిషికి వేరే చెప్పాలా, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మీ మెయిళ్లు పోనూ ఏళ్ల తరబడి సరిపోతుంది. ఇంకో కాపీ పెన్‌డ్రైవులో పెట్టి వేరే ఇంట్లో ఉంచండి. వాట్సాప్‌లో ఎవరికైనా పంపితే ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. మామూలుగా పంపితే ఫొటో నలిగి చిన్నదవుతుంది, లోపల దాగున్న తేదీ, టైము వివరాలూ పోతాయి.

నెలకి నాలుగు ఫొటోలు స్టూడియోలో 4 × 6 అంగుళాల ప్రింటు వేయించండి. ఆ సైజుకి 1200 × 1800 పిక్సెళ్లుంటే చక్కగా వస్తుంది. వెనక బాల్ పెన్నుతో ఒత్తి రాస్తే ముందువైపు గాట్లు తేలతాయి, జెల్ సిరా ఆరకుండా పక్క ఫొటోకి అంటుతుంది. సన్నటి పర్మనెంట్ మార్కరుతో అంచున రాసి, ఆరాక పేర్చండి. బొమ్మల పేజీల్ని కూడా ఫొటో తీసి దాచుకోండి. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫోను పేజీకి సమాంతరంగా పట్టుకుని. తెల్ల కాగితాన్ని కెమెరా బూడిద రంగుగా చూపిస్తుంది, వెలుగు ఒక మెట్టు పెంచితే తెలుపు వస్తుంది.

బొమ్మకైనా ఫొటోకైనా పక్కన రాసే మాటలు సగం విలువ. "సాయంత్రం, టీ కొట్టు, ప్రశాంతంగా ఉంది" అని రాస్తే అది ఏ ఊరైనా కావచ్చు, ఏ ఏడాదైనా కావచ్చు. "సాయంత్రం 6.10. టీ ధర నిన్నటినుంచి రెండు రూపాయలు పెరిగింది, బోర్డు ఇంకా మార్చలేదు. రేడియో బదులు ఫోనులో పాటలు. కొట్టు వెనక వేపచెట్టు కొమ్మ కొట్టేశారు." ఇలా రాయండి. ధర, పేరు, వినబడేది, కొత్తగా మారింది. ఈ నాలుగింటిలో రెండున్నా చాలు.

మనుషుల్ని అడిగి తియ్యండి. పిల్లలైతే పెద్దవాళ్లని అడగాలి. పుష్కరఘాట్లో స్నానాలు చేస్తున్నవాళ్ల వైపు ఫోను ఎత్తకండి, మెట్లూ గొడుగులూ పూల బుట్టలూ బోలెడున్నాయి. వద్దన్నవాళ్ల ముందు పుస్తకమైనా మూసెయ్యాల్సిందే. మధ్యలో నాలుగు రోజులు మానేస్తే ఆ పేజీలు ఖాళీగా ఉంచి తర్వాత పూరిద్దాం అనుకోకండి. ఖాళీ పేజీ అప్పులా కూర్చుంటుంది. తర్వాతి పేజీలోనే ఇవాళ్టి తేదీ వేసి సాగండి.

మామ్మగారి సంగతి. ఆవిడ మొహం తిప్పుకుంటే మొహం వదిలెయ్యండి. దొంగచాటుగా మాత్రం తియ్యకండి, ఒకసారి తెలిస్తే మీరు పక్కన కూర్చోవడం కూడా ఆవిడకి అనుమానంగానే ఉంటుంది. బొమ్మకి చాలామంది పెద్దవాళ్లు అభ్యంతరం చెప్పరు, అందులో తమ ముడతలు కనబడవు కాబట్టి. అయినా "నీ చేతులు వేసుకోనా మామ్మా" అని అడిగే మొదలుపెట్టండి. ఆవిడ బియ్యం ఏరుతుంటేనో, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటేనో పక్కన కూర్చోండి. చేతులు వేసేటప్పుడు వేళ్లు ఐదూ విడివిడిగా మొదలుపెట్టకండి, చెయ్యి మొత్తం ఒక చేతొడుగులా బయటి అంచు గీసి తర్వాత వేళ్లుగా చీల్చండి. చేట అంచుని చెయ్యి ఎక్కడ పట్టుకుందో ఆ ఒక్క చోటు సరిగ్గా వస్తే చాలు.

ఆవిడ లేని వస్తువులూ ఆవిడ రోజే. ఉదయం ఆరింటికి కళ్లజోడు ఎక్కడుంటుంది, పదింటికి ఎక్కడుంటుంది, మధ్యాహ్నం పడక్కుర్చీలో తువ్వాలు ఎలా పడి ఉంటుంది. ఒకే పేజీలో గంటగంటకీ ఒక చిన్న బొమ్మ, పక్కన టైము. ఇక్కడ ఫోనుకి కూడా పనుంది. కెమెరా కాదు, వాయిస్ రికార్డరు. అదీ అడిగే పెట్టండి. వంటింటి వస్తువులు ఒక్కోటి చేతికిచ్చి దీన్నేమంటారు అని అడగండి. మీరు గరిటె అని ఊరుకున్నదాన్ని ఆవిడ తెడ్డనీ, అట్లకాడనీ విడదీసి చెబుతుంది. ఆ మాటలు ఆవిడ అన్నట్టే, మీ భాషలోకి దిద్దకుండా, బొమ్మ పక్కన రాయండి. చేట వేసిన పేజీలో, దాన్ని ఎక్కడ కొన్నారో, ఎంతకి కొన్నారో, పేడతో అలికింది ఎవరో కూడా అడిగి రాసుకోండి.